మొగిలి ఘాట్‌లో ఆగిన ఇంజను

మా నాయన చావుకు మా బావే కారణమని మా ఇంట్లో అందరూ నమ్మారు. చివరికి బావ కూడా నమ్మాడు. నమ్మనివాడిని నేనొక్కడినే, ఎందుకంటే అసలు జరిగింది నాకు తెలుసు.

ఇన్నేళ్లూ దాన్ని లోపల పెట్టుకునే తిన్నాను, పడుకున్నాను, ఉద్యోగానికి పోయివచ్చాను. ఇలాంటి బరువు మనిషిని రోజూ నలిపేస్తుందనుకుంటారు. అలా ఉండదు. చాలా రోజులు గుర్తే ఉండదు. ఎప్పుడో ఎవరి కారులోనో కూర్చుంటాను. తాళం తిప్పగానే స్టీరింగ్ వెనక లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోతాయి. ఇక ఆ ప్రయాణమంతా ఆ లైట్లు ఉన్న చోటే చూస్తూ కూర్చుంటాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. నా పేరు మాత్రం చెప్పను.

మాది చిత్తూరు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో స్టోరు చూసుకునేవాడిని. చదువు డిప్లొమా మధ్యలో ఆగిపోయింది. ఇంజనీరు కావలసినవాడు సామాన్లు లెక్కపెడుతున్నాడని నాకు నేనే అనుకుంటూ ఉండేవాడిని. ఎవరూ అలా అనలేదు. నేనే అనుకునేవాడిని.

అక్కను పలమనేరు పక్క పల్లెకు ఇచ్చాము. బావకు ఆవులు, టమోటా తోట ఉండేవి. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నాయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు నేనంటే గొప్ప. ఫ్యాను ఆగినా, రేడియో మూగబోయినా "మావోడు సూస్తాడులే" అనేవాడు. ఆ మాట వినడానికి నేను ఏమైనా విప్పేవాడిని.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజుల్లో ఒక పెట్రోలు కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత కార్బరేటర్ బదులు ఒక కంప్యూటరే ఇంజనుకు పెట్రోలు అందించే కొత్త రకం. ఇంజనుకు ఏదైనా అయితే స్టీరింగ్ వెనక ఒక పసుపు లైటు వెలుగుతుంది. ఎందుకు వెలిగిందో తెలియాలంటే కారులో ఉన్న సాకెట్‌కు ఒక స్కానర్ తగిలించి చూడాలి. అది ఒక నంబరు చూపిస్తుంది. ఫలానా నంబరుకు ఫలానా లోపం. తిరుపతిలో కంపెనీ వర్క్‌షాపు ఉంది కానీ అక్కడికి పోవడం నాకు నామోషీ. నా కారును నేనే బాగుచేసుకోవాలి. ఇంట్లోనే, ఆదివారం పూట, వీధిలో నలుగురూ చూస్తుండగా.

కొన్ని నెలలు అదే పిచ్చి. ఎక్కడ దొరికిన కరపత్రమైనా చదివేవాడిని. చెన్నైలో కారు సామాన్లు అమ్మే వీధికి పోయి అద్దాల బల్ల ముందు నిలబడినప్పుడు, ఏది కావాలో నాకు బాగానే తెలుసు. బల్ల మీద రెండు స్కానర్లు పెట్టారు. ఒకటి చొక్కా జేబులో పట్టేది. నంబరు చూపిస్తుంది, చెరిపేస్తుంది. అంతకుమించి ఏమీ చేయదు. రెండోది పెద్దది. ఇంజను తిరుగుతూ ఉండగా లోపల ఏ సెన్సార్ ఏం చెబుతోందో వరసగా చూపిస్తుంది. లోపం వచ్చిన క్షణంలో బండి ఎంత వేగంలో ఉందో, ఇంజను ఎంత వేడిగా ఉందో పట్టి దాచిపెడుతుంది. ఒకసారి వచ్చి ఒకసారి మాయమయ్యే జబ్బును పట్టుకోవాలంటే రెండోదే కావాలి. ఇదంతా చదివే వెళ్లాను.

చిన్నదే కొన్నాను.

ధర అని అందరికీ చెప్పాను. నాకూ అదే చెప్పుకున్నాను. నిజం కాదు. రెండు నెలలు ఆగి ఉంటే పెద్దది కొనగలిగేవాడిని. పెద్దదాన్ని ముందు పెట్టుకుంటే అర్థం చేసుకోవాలి. అర్థం కాకపోతే, నాకు అర్థం కాలేదని తెలిసిపోతుంది. చిన్నదానికి ఒక బటన్ ఉంది. నొక్కితే పసుపు లైటు ఆరిపోతుంది. చూసేవాళ్లకు అది రిపేరు. అంగట్లో ఆ బటన్ మీద వేలు పెట్టి చూసుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. కావలసింది బాగుచేసే మనిషిని కావడమా, అలా కనిపించడమా? ఆ రోజు నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

ఊళ్లో పేరొచ్చింది. వీధిలో వాళ్లు కార్లు తెచ్చి చూపించుకునేవారు. నాయన కుర్చీ వేసుకుని పక్కన కూర్చునేవాడు. నేను నంబరు చూసి, తల పంకించి, ఏదో ఒక వైరు బిగించి, బటన్ నొక్కేవాడిని. లైటు ఆరిపోయేది. నాయన వాళ్ల మొహాల వైపు చూసేవాడు.

మా కారులోనే లైటు మళ్లీ మళ్లీ వెలగడం మొదలైంది. ఎప్పుడూ ఒకటే నంబరు. ఇంజను తిరుగుడును కనిపెట్టే సెన్సార్‌ది అది. ఆ సెన్సార్ పనిచేయడం ఆపితే, ఇంజను తిరుగుతున్నట్టే కారుకు తెలియదు. పెట్రోలు ఆపేస్తుంది. చల్లారితే మళ్లీ మామూలే. నాకు ఒకసారి ఫ్యాక్టరీ గేటు ముందే ఇంజను ఆగిపోయింది. కాసేపటికి స్టార్టయింది. సెన్సార్ మార్చాలని తెలుసు. అది ఇంజను కింద చేయి పట్టని చోట ఉంటుంది. వర్క్‌షాపుకు పోవాల్సిందే. వీధిలో ఇంత పేరు తెచ్చుకుని నా కారును నేనే తిరుపతికి తీసుకుపోవాలా? వైరు జాయింటు తుడిచి, టేపు చుట్టి, బటన్ నొక్కాను. కొన్నాళ్లు లైటు రాలేదు. మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కాను. ఎన్నిసార్లో చెప్పలేను.

ఆ వేసవిలో నాయన అక్కావాళ్ల దగ్గర చల్లగా ఉంటుందని పలమనేరు వెళ్లాడు. చిత్తూరులో కంటి డాక్టరుకు చూపించాల్సిన రోజు దగ్గరపడితే, ఆయన్ను తీసుకురావడానికి నాకు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. మామిడి కాలం. ఏదో పని మీద చిత్తూరు వచ్చిన బావ, నేను తీసుకొస్తాలే, కారియ్యి అన్నాడు. ఆయనకు డ్రైవింగ్ బాగా వచ్చు. ఎన్నో ఏళ్లు పాత జీపు తోలిన మనిషి. కారు బయటికి తీస్తే పసుపు లైటు వెలుగుతోంది. ఇదేంటప్పా అని అడిగాడు. నేను స్కానర్ పెట్టి, నంబరు చూసి, బటన్ నొక్కి, అయిపోయింది పో బావా అన్నాను. ఎప్పుడైనా ఆగిపోవచ్చని చెప్పలేదు. ఒక్క మాట. చెప్పి ఉంటే బావ బస్సులో తీసుకొచ్చేవాడు. నాయన బస్సు ఎక్కనంటాడా? జీవితమంతా బస్సులోనే గడిపిన మనిషి.

మర్నాడు పొద్దున పలమనేరు నుంచి దిగేటప్పుడు మొగిలి ఘాట్‌లో ప్రమాదం జరిగింది. ఫ్యాక్టరీకి ఫోన్ వచ్చింది. నేను పోయేసరికి నాయనను రోడ్డు పక్కన దుప్పటి కప్పి పడుకోబెట్టి ఉన్నారు. మలుపులో ఆగి ఉన్న లారీ వెనక భాగానికి కారు ఎడమవైపు కొట్టుకుంది. ఎడమవైపు ముందు సీట్లో నాయన. బావకు చేయి విరిగింది, నుదురు పగిలింది. రాళ్ల మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాడు. ఇంజను ఆగిపోయింది. బ్రేకు రాయి మాదిరి అయిపోయింది. స్టీరింగ్ తిరగలేదు.

నాకు అక్కడే అర్థమైంది. ఇంజను ఆగగానే ఎవరైనా చేసేదే బావ చేశాడు. క్లచ్ నొక్కి, మళ్లీ స్టార్ట్ చేయడానికి తాళం వెనక్కి తిప్పాడు. ఆ కాసేపట్లో బ్రేకు నాలుగుసార్లు నొక్కి ఉంటాడు. ఇంజను లేకపోతే ఆ బ్రేకుకూ స్టీరింగ్‌కూ బలం ఉండదు. తాళం ముందుకు తిప్పేలోపే లారీ.

కానీ ముందుగా పరుగెత్తుకొచ్చిన లారీ క్లీనరు చూసింది, తాళం ఆఫ్‌లో ఉండటం. వాడు చూసింది చూసినట్టే చెప్పాడు. ఆ మాట విన్నవాళ్లందరికీ ఒకటే తోచింది. అప్పట్లో ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపేసి జారుకుంటూ వచ్చేవాళ్లు చాలామంది. బావ కూడా తన జీపును అలాగే దింపేవాడు. అది మా చుట్టాలందరికీ తెలుసు. పండగల్లో దాని మీద నవ్వుకునేవాళ్లం కూడా. కారును తనిఖీ చేసిన అధికారి బ్రేకుల్లో లోపం లేదని రాశాడు. అదీ అబద్ధం కాదు.

నాయనను మట్టిచేశాము. అమ్మ ఏడవలేదు. చుక్క పెట్రోలు కోసం నా మొగుణ్ణి తీసుకుపోయినాడు అని ఒక్కసారి అంది.  బావ వసారాలో గోడకు ఆనుకుని నిలబడి విన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేదే నేను చెప్పడానికి కూర్చున్నది. దీనికి ముందు చేసినదంతా అహంకారం, సోమరితనం. వాటిని మనుషులు క్షమిస్తారేమో. ఇది వేరు.

కర్మలు ఇంకా కాలేదు. కారును బంగారుపాళ్యంలో ఒక షెడ్డులో పెట్టించారు. బావ చేతికి కట్టుతోనే మా ఇంటికి వచ్చి, గుమ్మం దిగువనే నిలబడి నన్ను పిలిచాడు. నీ మిషన్ తీసుకుని రా అన్నాడు. మా చిన్నాయన కూడా వెంట వచ్చాడు. మధ్యాహ్నం. షెడ్డులో రేకుల వేడి. కారు ఎడమ పక్క నలిగి నుజ్జయింది. సీటు మీద నాయన తుండుగుడ్డ అట్లాగే ఉంది. బ్యాటరీ పాడుకాలేదు. నేను కుడివైపు తలుపు తెరిచి కూర్చుని స్కానర్ తగిలించాను. బావ తలుపు పక్కనే వంగి నిలబడ్డాడు.

"ఇంజను దానంతటదే ఆగిపోయింటే నీ మిషన్‌లో తెలస్తాది కదరా?" అన్నాడు.

"తెలుస్తుంది బావా."

"అయితే సూడు. నిదానంగా సూడు. ఏముంటే అది సెప్పు."

చూశాను. అదే నంబరు. ఎన్నోసార్లు నేను చెరిపేసిన నంబరు. చిన్న తెర నా వైపు ఉంది. బావకు కనబడదు. కనబడినా అర్థం కాదు. చిన్నాయన వెనక నిలబడి గొంతు సవరించుకున్నాడు. నేను ఏమాలోచించాను? చాలా ఆలోచించానని చెబితే బాగుంటుంది. ఏమీ ఆలోచించలేదు. అమ్మ మొహం ఒకసారి కనబడింది. వీధి కనబడింది. కుర్చీలో నాయన. వేలు దానంతటదే బటన్ మీదికి పోయింది. లేదు, దానంతటదే ఏ వేలూ పోదు. నేనే నొక్కాను.

"ఏమీ లేదు బావా," అన్నాను.

"ఏమీ లేదా?"

"ఇంజనులో లోపం ఏమీ చూపించడంలేదు."

చిన్నాయన బయటికి వెళ్లిపోయాడు. బావ అలాగే వంగి నా చేతిలోని మిషన్ వైపు చూశాడు. ఆ తర్వాత అన్న మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

"మిషన్ అపద్దం సెప్పదు కదా. అయితే నేనే ఆపినానేమోరా. అలవాటుకొద్దీ సెయ్యి పోయిందేమో. నాకు గ్యాపకం రాలే."

కాదు బావా అనడానికి అప్పుడు సమయం ఉంది. ఆయన అక్కడే ఉన్నాడు. నేను అక్కడే ఉన్నాను. స్కానర్ ఊడదీసి జేబులో పెట్టుకున్నాను.

మీరు అడగవచ్చు, నా అజాగ్రత్తను కప్పిపుచ్చుకోవడానికే కదా అని. అవును. కానీ నిజం చెబితే నన్ను ఎవరేం చేసేవారు? తిట్టేవారు. అమ్మ కొన్నాళ్లు నాతో మాట్లాడేది కాదు. కొడుకును కాబట్టి తర్వాత మాట్లాడేది. అల్లుడికి ఆ అవకాశం లేదు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసా? తెలిసే చేశానా? ఈ ప్రశ్న దగ్గరికి ఎన్నిసార్లు వచ్చినా లోపలికి పోలేకపోయాను. తెలుసనే అనుకుంటున్నాను.

కేసు నడిచింది. ఇంజను దానంతటదే ఆగిపోయిందని చెప్పమని లాయరు చెప్పాడట. బావ ఒప్పుకోలేదు. మిషన్ పెట్టి చూసినారు సార్, ఏమీ లేదంట అన్నాడట. తానే ఇంజను ఆపానని కోర్టులో చెప్పాడు. చేయని తప్పును అందరి ముందూ నిలబడి ఒప్పుకున్నాడు. జరిమానా పడింది, లైసెన్సు పోయింది. జీపు అమ్మేశాడు. స్టీరింగ్ మళ్లీ ముట్టుకోలేదు.

అమ్మ అక్కను రమ్మనేది, బావను రావద్దనేది. అక్క ఒక్కతే వచ్చి పోయేది. తర్వాత ఆమె కూడా తగ్గించింది. ఇంట్లో గొడవ వచ్చినప్పుడల్లా అక్క నోటి నుంచి అమ్మ అన్న ఆ పెట్రోలు మాటే వచ్చేదని ఆమే ఒకసారి నాతో చెప్పుకుంది. అనకూడదనే అనుకుంటానురా, అయినా వచ్చేస్తాది అని. నేను ఆమెను ఓదార్చాను. మగవాళ్లకు అలాంటివి మనసులో ఉండవులే అన్నాను. అలా అన్నాను.

అమ్మ పోయినప్పుడు బావ వచ్చాడు. లోపలికి రాలేదు. వీధిలో ఎండలో నిలబడి, పాడె లేచాక అందరికంటే వెనక నడిచాడు.

నా స్కానర్‌ను ఎక్కడో పారేశాను. కారును తుక్కుకు ఇచ్చేశాము. ఫ్యాక్టరీలో కారు కొన్నవాళ్లు ఇంట్లో వాడుకోవడానికి ఏ స్కానర్ మంచిదని నన్నే అడిగేవారు. పెద్దది కొనండి అని చెప్పేవాడిని. చెరిపేసేది కాదు, చూపించేది కొనండి అనేవాడిని. మంచి సలహా అని మెచ్చుకునేవారు.

నేను పలమనేరు తరచూ పోయేవాడిని. పాపానికి పరిహారం అనుకునో, నిజం ఎక్కడైనా బయటపడిందేమో చూసుకోవడానికో. రెండూ కావచ్చు. ఒకసారి ఇద్దరం కలిసి బస్సులో చిత్తూరు వచ్చాము. ఘాట్ మొదలైంది. బావ ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. ప్రతి మలుపులో ఆయన కుడికాలు బస్సు నేలను నొక్కుతోంది. గట్టిగా. లేని బ్రేకును. నేను కిటికీ వైపు తిరిగాను. ఘాట్ దిగాక రుమాలుతో మొహం తుడుచుకుని, మీ ఇంట్లో నువ్వొక్కడివే నాతో మాట్లాడతా ఉండావురా అన్నాడు. కృతజ్ఞతతో అన్నాడు.

ఆ రోజు చెప్పాల్సింది. బస్సులో జనం ఉన్నారని చెప్పలేదు. దిగాక కాఫీ తాగుతూ చెప్పవచ్చు. కాఫీ చల్లారిపోతుందని చెప్పలేదేమో. ఇంకేం కారణం ఉంది నాకు?

ఈ ఏడాది బావ పోయాడు. ఉదయం ఆవుల దగ్గరికి వెళ్లి కొట్టంలోనే కూలిపోయాడు. గుండె అన్నారు. నేను పోయి అన్నీ దగ్గరుండి చేయించాను. సొంత తమ్ముడి మాదిరి చూసుకున్నాడని వాళ్ల ఊరివాళ్లు నన్ను మెచ్చుకున్నారు. ఇక చెప్పాల్సిన మనిషి లేడు. ఆ ఆలోచనతో పాటు ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. దాన్ని కూడా ఇక్కడ రాస్తున్నాను. దాచుకుంటే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

ఆ హాయే నన్ను భయపెట్టింది. అక్కకు చెప్పాలనుకున్నాను. వెంటనే ఇంకో సాకు దొరికింది. చెబితే, తప్పు లేని మొగుణ్ణి ఇన్నేళ్లు మాటలన్నానని అక్క కుళ్లి కుళ్లి చస్తుంది కదా. చెప్పకపోవడమే జాలి కదా. ఆ సాకు చాలా అందంగా ఉంది. కొన్ని వారాలు దాన్ని పట్టుకుని తిరిగాను. ఆమె మీద జాలి పడే అర్హత నాకెక్కడిది? ఆమె మొగుడు ఎలాంటివాడో ఆమెకు తెలియాలా వద్దా అని తేల్చడానికి నేనెవరిని?

పోయిన నెల వెళ్లాను. సాయంత్రం అక్క పాలు పితికి క్యాను తీసుకుని కొట్టం నుంచి వస్తోంది. వాకిట్లోనే ఆపి చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. పసుపు లైటు, నంబరు, బటన్, షెడ్డు. ఎక్కడా ఆపకుండా చెప్పాను. ఆమె క్యాను దించలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆయన పక్కనే నిలబడి అడిగినప్పుడు, నీకు కనబడిందా?"

"కనబడింది అక్కా."

ఆమె నా మొహం వైపు చూసింది. కోపంగా కాదు. దారి తప్పి ఇంట్లోకి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు చూసింది. క్యాను తీసుకుని లోపలికి వెళ్లింది. తలుపు వేయలేదు. పిలవలేదు. లోపల పాలు వంచుతున్న చప్పుడు, గిన్నె కడుగుతున్న చప్పుడు వినబడ్డాయి.  అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. చీకటి పడుతుండగా లేచి బస్సెక్కాను. అప్పటి నుంచి ఆమె ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తమని అడిగే ముఖం నాకు లేదు.

చిన్నాయనకు కూడా చెప్పాను. పోయినోళ్లు పోయినారు, ఇప్పుడెందుకప్పా అన్నాడు. ఆయన మాట కంటే అక్క మౌనమే నాకు సరిపోయింది.

ఇది రాస్తే బావకు ఏమీ ఒరగదు. ఆయన తానే చంపానని నమ్ముతూనే పోయాడు. దాన్ని ఇక ఎవరూ మార్చలేరు. మీరు నన్ను క్షమించినా, క్షమించకపోయినా ఆ కొట్టంలో పడిపోయిన మనిషికి తెలియదు. అందుకే మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. ఈ కాగితం మీద ఒక్క మాట రాయాలని మాత్రం కూర్చున్నాను. ఇంతసేపూ దాని చుట్టూ తిరిగాను. షెడ్డులో, ఆ వేడిలో, తలుపు పక్కన వంగి నిలబడిన మనిషికి నేను చెప్పాల్సిన మాట అది. చెప్పడానికి ఒక్క ఊపిరి కూడా పట్టనంత చిన్న మాట.

నువ్వు ఆపలేదు బావా. అదే ఆగిపోయింది.